బొజ్జ శాస్త్రజ్ఞులకు బహిరంగ వందనం

అయ్యా, బాక్సింగ్ విమర్శక శిఖామణులారా! మిరపకాయ బజ్జీని, ఎదుటివాడి ఫిట్‌నెస్‌ని ఒకేసారి నమలగల మీ దవడలకు దండం. హెవీవెయిట్ బాక్సర్ తూకం తేల్చడానికి మీకు కాటా అక్కర్లేదు, టీవీ ఉంటే చాలు.

2019 జూన్ 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆండీ రూయిజ్ ఒళ్లు చూడగానే తీర్పు చెప్పేశారు. 121 కిలోల మనిషి, ఊగే బొజ్జ. ఎదురుగా కండలు తిరిగిన ఆంథొనీ జాషువా. అసలు పోటీదారు డోపింగ్‌లో దొరికిపోతే ఆఖర్లో పిలుపందుకున్నవాడు రూయిజ్. మూడో రౌండ్లో కిందపడ్డాడు. "ముందే చెప్పానా!" అని మీరు తొడ చరిచారు. లేచాడు. పని ముగించేద్దామని జాషువా మీదికొచ్చాడు. పొడుగు చేతులవాడు దగ్గరికొస్తే పొట్టి చేతులవాడికి పండగే. అది కనిపించాలంటే బొజ్జ మీంచి చూపు తిప్పాలి. ఎడమ హుక్ ఒకటి కణత మీద దిగింది. ఆ రౌండ్లో రెండుసార్లు, ఏడో రౌండ్లో రెండుసార్లు కండల కొండ కూలింది. రిఫరీ ఆపేశాడు.

మీరు ఆపలేదు. తెల్లారేసరికి బొజ్జే బలమన్నారు, కండలు పెంచితే ఆయాసమన్నారు. డిసెంబర్ 7న సౌదీలో మళ్లీ పోటీ. బెల్టులొచ్చిన సంబరంలో రూయిజ్ 128 కిలోలు దాటాడు, అడుగు చురుగ్గా పడలేదు. సరిగ్గా తయారవలేదని తనే ఒప్పుకున్నాడు. సరే, ఆ రోజుకు మీ మొదటి బొజ్జ శాస్త్రం ఫలించింది. కానీ జాషువా దూరం పాటించి, జాబ్‌లు విసిరి, 12 రౌండ్లూ నిలబడి గెలిస్తే "పారిపోయి గెలిచాడు" అన్నారే! దగ్గరికెళ్లి ఓడితే తెలివితక్కువతనం, దూరంగా ఉండి గెలిస్తే పిరికితనం.

హెవీవెయిట్‌కు బరువులో పైహద్దు లేదు గనక బొజ్జ మీద పడ్డారు. మరి మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌నైనా వదిలారా? పంచ్ చూడకుండా నిక్కరు పొడవు కొలిచారు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ కాగానే టేపు దాచేసి దండ తీశారు. 2024 పారిస్‌లో 50 కిలోల గీత దాటకూడదని రెండు రోజులు పస్తున్నానని ఆమె చెప్పింది. ప్రత్యర్థి వూ యు చేతిలో ఓడగానే దండ మళ్లీ లోపలికి, నాలుక బయటికి.

మా గొల్లపల్లి వైపు బస్తర్ సంతల్లో కోడిపందేల రాయుళ్లు మీకంటే వెయ్యి రెట్లు నయం. పుంజును చేతుల్లోకి తీసుకుని తొడలు, రొమ్ము తడిమి చూశాకే నోరు విప్పుతారు. కాసేది సొంత డబ్బు. ఓడితే జేబు తడుముకుంటారే తప్ప ఈకల తీరు బాగాలేదని ప్రవచనం చెప్పరు.

ఒక్క మనవి. ఈసారి టెక్నిక్ గురించి సెలవిచ్చేముందు పది ఔన్సుల గ్లోవ్స్ తొడుక్కుని, రెండు చేతులూ చెంపల దాకా ఎత్తి మూడు నిమిషాలు గెంతుతూ ఉండండి. భయపడకండి, ఎవరూ కొట్టరు. భుజాలు దిగజారాక మాట్లాడుకుందాం. రింగులో ప్రతి రౌండుకూ ఆపమని గంట కొడతారు. అలాంటి గంట మీ నోటికి లేకపోవడమే ఈ ఆటకున్న అసలు లోపం.