కొత్త పీఆర్వో గారికి కొన్ని గట్టి చిట్కాలు

విశ్వవిద్యాలయం పౌర సంబంధాల గదిలో కుర్చీ దొరికినందుకు అభినందనలు. మీ పని ఇంగ్లీషులో ప్రకటనలు రాయడం. ఈ రోజు రాసినట్టు రేపు రాయకపోవడమే ఇందులో కిటుకు.

ఉద్యోగం ఏలూరు, తాడేపల్లిగూడెం పక్కన గనక ఊళ్ల పేర్లతో మొదలుపెట్టండి. వెంకటరామన్నగూడేన్ని ఇంగ్లీషులో రాయడానికి మామూలు మనిషికి ఒక్కటే దారి కనిపిస్తుంది. మీకు అయిదారు కనిపించాలి. 'వెంకట'లో రెండో 'ఏ' ఉంచొచ్చు, తియ్యొచ్చు. 'రామన్న'లో 'ఎన్' ఒకటైనా రెండైనా పరవాలేదు. తొందరగా ఉంటే 'వి.ఆర్. గూడెం' చాలు. తాడేపల్లిగూడెం మొదట్లో 'టీ' పక్కన 'హెచ్' ఉండాలా వద్దా అన్నది ఆ పూట టైపు చేసేవారి ఇష్టం. ఎవరైనా నిలదీస్తే ఏలూరు స్టేషన్ చూపించండి. ఇంగ్లీషులో ఎల్లోర్ పోయి ఏలూరు వచ్చినా రైల్వే కోడ్ 'ఈఈ'యే. ఒక్క రైలైనా దారి తప్పిందా?

తర్వాత సంస్థ పేరు. 2007లో ఆంధ్రప్రదేశ్ ఉద్యాన విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత డాక్టర్ వైఎస్సార్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం మీ ఇలాకాలోనే ఉంది. అలాంటి పేరులో చుక్కలు పెట్టొచ్చు, మానొచ్చు, 'డాక్టర్' మింగెయ్యొచ్చు. ఈ స్వేచ్ఛ మీ ప్రొఫెసర్లకూ ఇవ్వండి. పరిశోధన పత్రం మీద ఒకరు పూర్తి పేరు, ఒకరు పొడి అక్షరాలు, మరొకరు కాలేజీ పేరు ఒక్కటే రాసుకోనివ్వండి. విశ్వవిద్యాలయాలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు పత్రాల లెక్క స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే పరిశోధన పత్రాల సూచీల నుంచి తీస్తారు. అక్కడ పత్రం ఎవరి ఖాతాలో పడాలో చెప్పేది రచయిత రాసుకున్న సంస్థ పేరే. ఒక సంస్థ నాలుగు సంస్థలుగా కనిపిస్తే కొన్ని పత్రాలు మనకి దక్కకుండా పోతాయి, ర్యాంకు దిగుతుంది, ఎందుకు దిగిందో తేల్చడానికి కమిటీ వేస్తారు, ఆ కమిటీ నివేదిక ఇంగ్లీషు దిద్దమని మీ దగ్గరికే వస్తుంది. మీ కుర్చీకి ఇక ఢోకా లేదు.

పంటల దగ్గర చెయ్యి ఇంకా వదులు చెయ్యండి. వంకాయని ఒకే పేరాలో బ్రింజాల్, ఎగ్‌ప్లాంట్, ఆబర్జీన్ అని మూడుసార్లు రాస్తే మూడు పంటలు పండించినట్టుంటుంది. 'చిల్లీ' చివర 'వై' తగిలిస్తే మిరపకాయ కాస్తా చలి అయిపోతుంది. పత్రికల వాళ్లు దిద్దుకుంటారు లెండి. పెదవేగిలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ పనిచేసేది ఆయిల్ పామ్ మీద. అది చెట్టు. పామాయిల్ అంటే దాని నూనె. మీరు మాత్రం 'రైతులు పామాయిల్ నాటారు' అనే రాయండి. ఇక్కడ అందరూ పామాయిల్ తోట అనే అంటారు గనక స్థానికంగా ఎవరూ పట్టుకోరు. నూనె ఎలా నాటారో చూసిపోదామని ఏ మలేషియా శాస్త్రవేత్తో వస్తే, ఆయన రాక మీద ఇంకో ప్రకటన.

ఇక కొలతలు. అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది కొల్లేరు సరస్సుది. అక్కడ 1999లో ప్రకటించిన అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. దాన్ని మొదటి పేరాలో హెక్టార్లలో, రెండో పేరాలో ఎకరాల్లో ఇవ్వండి, మూడోదానికి అంకె తప్పినా ఎవరూ లెక్క చూడరు. ఆ అభయారణ్యం హద్దు +5 కాంటూరు. అంటే అయిదు అడుగుల ఎత్తు గీత. ఆ ముక్క రాయకండి. మీటర్లనుకున్నవాడు ఎన్ని ఊళ్లని సరస్సులో కలుపుకుంటాడో కలుపుకోనివ్వండి.

తేదీలకు ఒక్క ముక్క. ఏలూరు జిల్లా 4.4.2022న ఏర్పడింది. రోజు ముందో నెల ముందో తేలక్కర్లేని ఇలాంటి తేదీల జోలికి పోకండి. కౌన్సెలింగ్‌కి '05/06' అని వేస్తే కొందరు మే ఆరున, కొందరు జూన్ అయిదున వస్తారు, రద్దీ తగ్గుతుంది.

ఇక పక్క సెక్షన్‌లో ఎవరో ఒక చదువుకున్న కుర్రాడు ఉంటాడు. షికాగో విశ్వవిద్యాలయం ప్రెస్ 1906లోనే రచనా నియమాల పుస్తకం అచ్చేసిందనీ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సొంత గైడ్ ఉందనీ, జాబితాలో చివరి 'అండ్' ముందు పెట్టే ఆక్స్‌ఫర్డ్ కామాని ఆ గైడే మామూలుగా వద్దంటుందనీ ప్రాణం తీస్తాడు. వాడు 'ఏపీ స్టైల్‌బుక్' అనగానే, 'అది మన రాష్ట్రానిదేగా, జీవో రాగానే చూద్దాం' అనండి. అది అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లదని వాడు వివరించేలోపు భోజనాల వేళవుతుంది.

ఒక్కచోట మాత్రం ఏకరూపత తప్పితే ఉద్యోగం పోతుంది. ఉపకులపతి గారి పేరు ముందు 'ఆనరబుల్' ప్రతి పేరాలోనూ ఉండాలి, పెద్దక్షరంతో. ఆ తర్వాత రిజిస్ట్రార్, డీన్లు సీనియారిటీ వరుసలో, ఆపైన జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. రైతు వెతుక్కునే ఎరువు మోతాదు, తల్లిదండ్రులు వెతుక్కునే ఫీజు గడువు చివరి వాక్యంలో చోటుంటేనే. ప్రకటన రాసేది వేదిక మీది వాళ్ల కోసం. మీ జీతం బిల్లు మీద సంతకం పెట్టేది రైతు కాదు.

ఇంత చెప్పినా ఎప్పుడో మనసు ఆగక, ఊళ్ల పేర్లు, తేదీలు, కొలతలు ఎలా రాయాలో ఒక్క పేజీ రాసి గోడకి అంటించాలనిపించవచ్చు. అంటించకండి. ఆమోదం కోసం కమిటీకి పంపండి. మీరు రిటైరయ్యేదాకా అది వెనక్కి రాదు.