కౌపీనం, కాక్‌పిట్

సన్యాసి గోచీని ఎలుకలు కొరికాయి. ఎలుకల కోసం పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును, ఆవు మేత కోసం పొలాన్ని, ఇవన్నీ చూసుకోవడానికి ఇల్లాలిని తెచ్చుకున్నాడు. కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః అని ఆయన వాపోయే నాటికి కంప్యూటర్లు లేవు. ఉండి ఉంటే కథ ఇంకా పొడుగయ్యేది, పైగా ఈఎంఐల మీద నడిచేది.

మా కాలనీలో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారున్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఇద్దరు జామీనుదారులు సంతకం పెడితే తప్ప గేదె లోను కూడా మంజూరు చెయ్యని మనిషి. ఇప్పుడు ఆయన్ని అందరూ కెప్టెన్ గారంటున్నారు. ఆయన కౌపీనం పేరు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఉన్న అసోబో స్టూడియో తయారుచేయగా 2020 ఆగస్టులో బయటికొచ్చిన ఆట. ఆయన ముందు మాత్రం ఆట అనకండి. నొచ్చుకుంటారు.

అందులో భూగోళం మొత్తం ఉంది. దాని తాలూకు బొమ్మలూ పటాలూ రెండు పెటాబైట్లకు పైనే. అంటే వెయ్యి జీబీల డిస్కులు రెండు వేలు పేర్చాలి. మన ఇళ్ళలో పట్టదు కనక, మనం ఎగిరే మేరకు ముక్కలు ముక్కలుగా నెట్ మీద దిగుతుంది. ప్రపంచంలోని ఇళ్ళన్నీ మనుషులు కూర్చుని గీయలేరు కాబట్టి చాలా చోట్ల కంప్యూటరే ఊహించి కట్టేస్తుంది. ఆ ఊహలో లండన్‌లోని బకింగ్‌హామ్ ప్యాలెస్ ఆఫీసు బిల్డింగైంది. మెల్‌బోర్న్‌లో 212 అంతస్తుల మేడ ఒకటి లేచింది. ఎవరో పటంలో 2 కొట్టబోయి 212 కొట్టారు, అంతే. వాళ్ళు దాన్ని తప్పు అన్నారు. మన దగ్గరైతే మిగతా 210 అంతస్తులకూ ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించేవాళ్ళు.

ఈ భూగోళం నడవడానికి కనీసం ఏముండాలో కంపెనీ రాసిపెట్టింది: ఇంటెల్ ఐ5-4460 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 150 జీబీ చోటు, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు. కెప్టెన్ గారి ఇంట్లో ఉన్నది సరిగ్గా ఆ ప్రాసెసరే, 2014 నాటిది. తన జాతకం చూసే రాశారనుకున్నారాయన. కనీస నిల్వ మాత్రమే ఉన్న ఖాతాదారుకి బ్యాంకులో ఎంత మర్యాద దక్కుతుందో ఆయనకు తెలియంది కాదు, అయినా ఆశ. శంషాబాద్ రన్‌వే మీద విమానం సెకనుకు పది పన్నెండు బొమ్మల చొప్పున కదిలింది. 1957లో మాయాబజార్ సెకనుకు 24 బొమ్మలతోనే ఘటోత్కచుడి చేత పెళ్ళివారి విందంతా తినిపించింది కదా, సర్దుకోండి అన్నాను. సినిమా వేరు, మీట తిప్పిన క్షణానికి రెక్క ఒరగాలి, 60 కావాలి అన్నారు. న్యాయమే. ఘటోత్కచుణ్ణి మనం నడపం.

అలా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ప్రయాణం. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే కొనాలని సంకల్పం. కౌంటర్ వెనక కుర్రాడు ప్రాసెసర్ పేరు విని చాలా గౌరవంగా నిలబడ్డాడు, పెద్దవాళ్ళ పేరు విన్నప్పుడు నిలబడాలి మరి.

"కార్డు పెడ్తే నడుస్తది సార్. గానీ మీ ఎస్‌ఎంపీఎస్ మొయ్యదు."

"అదీ ఇవ్వు."

"కార్డు జానెడున్నర ఉంది సార్, పాత క్యాబినెట్‌ల పట్టదు. పట్టినా ప్రాసెసర్ బాటిల్‌నెక్ అయితది. ప్రాసెసర్ మారిస్తే బోర్డు మారాలె. బోర్డు మారితే మీ డీడీఆర్3 ర్యామ్ అండ్ల కూసోదు."

విండోస్ సంగతి అడిగారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ నీళ్ళు వదిలింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లతో వియ్యమందదు. కెప్టెన్ గారిది నాలుగో తరం. పిల్లి, ఆవు, పొలం దాటి ఇల్లాలి దాకా వచ్చాం అనుకుంటున్నారు కదూ? 8 కోర్లు, 96 ఎంబీ క్యాష్ ఉన్న రైజెన్ 7800ఎక్స్3డీ వచ్చింది, దాన్ని చల్లబరచడానికి పెద్ద కూలర్ వచ్చింది. ఇంటికొచ్చాక అన్నీ బిగించి స్విచ్ వేస్తే, టేకాఫ్‌కు ముందే పాత యూపీఎస్ కుయ్యోమంది. అదీ మారింది.

పాతదాంట్లో మిగిలినవి స్పీకర్లూ, కీబోర్డు అంచుమీద దసరాకి పెట్టిన కుంకుమ బొట్టూ. అయినా దాన్ని కొత్త కంప్యూటర్ అంటే ఆయన ఒప్పుకోరు. కొత్తది కొనడం దుబారా, ఉన్నదాన్ని అప్‌గ్రేడ్ చేసుకోవడం పొదుపు. ముప్ఫై ఏళ్ళు లెడ్జర్లు రాసిన చెయ్యి, ఖర్చుని ఏ పద్దులో చూపించాలో దానికి తెలుసు.

ఈ పీడ ఇప్పటిది కాదు. ఫ్లైట్ సిమ్యులేటర్ ఐబీఎం పీసీ మీదకి మొదట వచ్చింది 1982లో. ఐబీఎంకి నకలుగా కంప్యూటర్లు చేసిన కంపెనీలు తమ నకలు సరిగ్గా ఉందో లేదో ఈ ఆట నడిపి తేల్చుకునేవి. పుట్టిననాటి నుంచి ఇది పెట్టిన పరీక్ష పైలట్‌కి కాదన్నమాట, డబ్బాకి. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ అయితే, రాబోయే ప్రాసెసర్లలో ఒక్కో కోరూ అంతకంతకూ వేగం పుంజుకుంటుందని నమ్ముకుని బయల్దేరింది. ప్రాసెసర్లేమో వేగం సంగతి పక్కనపెట్టి కోర్ల సంఖ్య పెంచుకున్నాయి. పాపం, ఏళ్ళ తరబడి ఎంత కొత్త కంప్యూటర్ కొన్నా అది రొప్పుతూనే ఉంది.

ఇక అసలు విమానం సంగతి. ఎయిర్‌బస్ ఎ320 సర్వీసులోకి వచ్చింది 1988లో. పైలట్ చేతిలోని మీటకీ రెక్కల చివర కదిలే పలకలకీ మధ్య అందులో కంప్యూటర్లే ఉంటాయి. ఆ కంప్యూటర్లలో పెట్టినవి మోటరోలా 68010, ఇంటెల్ 80186 చిప్పులు. రెండూ 1982 నాటి సరుకే. బోయింగ్ 747-400 లో దారి చూపించే వివరాల్ని 28 రోజులకోసారి ఫ్లాపీ డిస్కులతో మార్చేవాళ్ళు. అంటే నిజంగా మనుషుల్ని ఎక్కించుకుని ఎగరడానికి ఆ పాత చిప్పులూ ఫ్లాపీలే చాలాయి. ఎగిరినట్టు కనిపించడానికి మాత్రం, 2024 నవంబర్ 19న వచ్చిన తాజా సిమ్యులేటర్ ఉత్తమమని రాసుకున్న లెక్కలో 64 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4080 కార్డు ఉన్నాయి. ఇందులో వింతేమీ లేదు లెండి. అసలు విమానానికి మబ్బులు గీసే పనిలేదు, అవి ముందే ఉన్నాయి.

ఆ తాజా సంచిక విడుదలైన రోజున కంపెనీ సర్వర్లే జనాన్ని తట్టుకోలేక, చాలామంది లోడింగ్ తెర ముందే కూర్చుండిపోయారు. అప్‌గ్రేడ్ అవసరం ఆ గట్టున కూడా ఉందని కెప్టెన్ గారికి అదొక ఊరట.

ఇంతకీ 60 వచ్చాయా? రాలేదు. తెర మూలన ఎర్రక్షరాల్లో, వేగం మెయిన్‌థ్రెడ్ దగ్గర ఆగిందని చూపిస్తోంది. కోర్లు ఎనిమిదున్నా పనిలో పెద్ద బరువు ఒకదాని నెత్తినే పడుతోంది, లక్ష దాటిన కార్డు దాని కోసం ఎదురుచూస్తోంది. అప్పుడు ఆయన తీసివేతలు మొదలుపెట్టారు. మొదట పక్క విమానాలు పోయాయి. తర్వాత రన్‌వే పక్క ట్రక్కులు, టెర్మినల్ దగ్గర మనుషులు, దూరపు ఇళ్ళు, చెట్లు. రెండు పెటాబైట్ల ప్రపంచాన్ని తెచ్చుకుని ఒక్కొక్కటే బయటికి పంపించి, నిర్మానుష్యమైన శంషాబాద్‌లో ఒంటరిగా టేకాఫ్ అయ్యారు. ఇప్పుడు 58.

గాల్లో ఉన్నంతసేపూ ఆయన చూపు ఎత్తు మీదా ఉండదు, వేగం మీదా ఉండదు. ఆ మూలనున్న అంకె మీదే. మొన్న గన్నవరంలో రన్‌వే దాటి పొలంలో ఆగారు. "దిగేటప్పుడు కూడా 55 కి తగ్గలేదు, గమనించారా?" అని నన్నడిగారు.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడప నుంచి హైదరాబాద్‌కి విమానం మొదలైనప్పుడు, గంట ప్రయాణానికి కొన్ని సీట్లకి 2,500 రూపాయలు దాటకూడదని నిబంధన. ఆ లెక్కన కార్డుకి పోసిన ఒక్క లక్షకే 40 టికెట్లు. ఈ లెక్క నేను ఆయనకి చెప్పలేదు. వాళ్ళావిడకి చెప్పాను.

పోయిన నెల తిరుపతిలో వాళ్ళ బంధువులింట పెళ్ళి. విమానంలో వెళ్దామండీ అందావిడ. "దండగ. రేణిగుంటలో నిన్న రాత్రే దిగాను" అన్నారు కెప్టెన్ గారు. ఆవిడ మారుమాట్లాడకుండా తన ఒక్కదానికే విమానం టికెట్టు తీసుకుంది. సామాన్లతో ఆయన నారాయణాద్రి రైల్లో వచ్చేటట్టు ఏర్పాటు. ఆవిడ దిగి ఫోన్ చేస్తే, ఇంకా సామాన్లు సర్దుకుంటున్న మనిషి మొట్టమొదట అడిగింది ఇదీ:

"పైన మబ్బులు ఎలా ఉన్నాయి?"

"ఏమోనండీ. మొహాన ఎండ కొడుతోందని కిటికీ మూసేసుకుని పడుకున్నా."