డీమన్ గారికి అర్జీ పెట్టిన చిన్నాయనకు

ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్



ఇక్కడ మేమంత మంచిగనే ఉన్నం. వాన తప్ప వేరే కష్టం లేదు. నువ్వు వాట్సాప్‌ల పంపిన ఫోటో చూసిన. "మెయిలర్ డీమన్ అనే ఆఫీసరు నా అర్జీలన్నీ వాపస్ కొడుతున్నడు. వీని పైఆఫీసరు ఎవరో కనుక్కో" అని కింద రాసినవు. అంతటితోని ఆగినవా? ఆయనకే జవాబు గూడ రాసినవు: "గౌరవనీయులైన డీమన్ గారికి, మా గల్లీ మోరీ విషయమై విన్నవించుకునునది ఏమనగా..." అది చదివి మా ఇంటామె నవ్వి నవ్వి చాయ్ మీద పోసుకున్నది.

చిన్నాయనా, డీమన్ గారు మనిషి కాదు. ఏ సర్కారు ఆఫీసులనో కూసున్న నౌకరు అంతకన్నా కాదు. హైదరాబాద్ లాల్ దర్వాజల మన ఇంట్ల, టీవీ కింద నేను పెట్టొచ్చిన ఆ చిన్న మెయిల్ సర్వర్ డబ్బాలనే ఉంటడు. పంపిన ఉత్తరం చేరకపోతే "మన్నించుండ్రి, చేరలేదు" అని చీటీ రాసే ప్రోగ్రాం అది. ఇన్ని రోజుల సంది నువ్వు తిట్టిన మోరీ ఆఫీసు ఈ ఒక్క కేసుల మాత్రం నిర్దోషి. నీ అర్జీలు మన గడప దాటితే గద, వాళ్లు వాటిని బీరువాల పెట్టి మర్చిపోయేది!

ఇక్కడికెల్లి డబ్బాలకు జొరబడి "మెయిల్‌క్యూ" అని కొట్టి చూసిన. మోరీ అర్జీ, స్తంభం లైటు అర్జీ, కుక్కల అర్జీ, మళ్ల మోరీ అర్జీకి రిమైండరు, ఆ రిమైండరుకు రిమైండరు. అన్నీ వరుసగ కూసున్నయి. ప్రతి దాని కింద ఒకటే మాట: కనెక్షన్ టైమ్డ్ అవుట్.

సంగతేందంటే, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మెయిల్ పోయే దారికి నంబరు 25. ఇంటి కనెక్షన్లకు ఆ దారిని మూసిపెట్టుడు ప్రపంచమంత చాలా చోట్ల ఉన్నదే. మన గల్లీ ఇంటర్నెట్ పిలగానికి ఫోన్ చేసి 25 తెరువుమంటే, "యూట్యూబ్ చల్ రా నా భాయ్? ఫిర్ లైన్ బరాబర్ హై" అని పెట్టేసిండు.

మొదట్ల గిట్ల లేకుండె. 1982ల ఇమెయిల్ రవాణా రూల్స్ రాసినాయన పేరే పోస్టెల్, జాన్ పోస్టెల్. నీకు నచ్చే పేరే. ఆ కాలంల నెట్‌వర్క్ మీద ఉన్నోళ్లు తక్కువ. ఎవరి ఉత్తరమైనా ఎవరి సర్వరైనా తీసుకొని ముందుకు పంపేది, నువ్వెవరని అడగకుండ. అయితే 1978లనే గ్యారీ థుర్క్ అనే సేల్స్ ఆయన తన కంపెనీ కంప్యూటర్ల ప్రకటనను దాదాపు 400 మందికి ఒక్కసారే పంపి, ముందుముందు ఏం గతి పట్టనున్నదో చూపెట్టిండు. తర్వాత తర్వాత దొంగలు ఇండ్లల్ల కంప్యూటర్లకు వైరస్ ఎక్కించి, ఇంటోళ్లకు తెల్వకుండనే లక్షల ఉత్తరాలు పంపుడు మొదలువెట్టిండ్రు. అందుకే ఇండ్లకు 25 బందైంది. స్పామ్‌హౌస్ అనే సంస్థ దగ్గర పీబీఎల్ అని ఒక లిస్టు ఉంటది. అది దొంగల లిస్టు కాదు. "ఇవి ఇండ్లకిచ్చిన అడ్రసులు, వీటి నుంచి ఉత్తరం నేరుగ రావద్దు, ప్రొవైడర్ సర్వర్ మీదికెల్లి రావాలె" అని చెప్పే లిస్టు. చాలమంది ప్రొవైడర్లు తమ అడ్రసులను తామే అండ్ల రాయించుకుంటరు.

నీ స్టాంపుల ఆల్బం తీసి చూస్తే ఇది నీకు నాకన్న మంచిగ ఎరుకైతది. నిజాం సర్కారు 1869ల సొంత స్టాంపులు వేసింది. ఔరంగాబాద్ అయినా గుల్బర్గా అయినా ఆ స్టాంపు చెల్లేది. రాజ్యం దాటి మద్రాసుకో బొంబాయికో పోవాలంటే మాత్రం అంగ్రేజోళ్ల స్టాంపు అంటించాలె. 1950ల మన తపాలా ఇండియా తపాలాల కలిసేదాక అదే కథ. మన డబ్బా గూడ అసుంటి సంస్థానమే. ఇంటి లోపల మన స్టాంపు నడుస్తది. గడప దాటితే పెద్ద సర్కారు స్టాంపు గావాలె. ఆ స్టాంపు వేయించుకునుడే రిలే. "ఉత్తరం మన ఇంటిపేరు మీద పోవాలె, వెనక ఏ కంపెనీ పేరు ఉండొద్దు" అని పట్టుపట్టింది నువ్వే గద. పేరు మనదే ఉంటది. పూచీ మాత్రం ఇంకొకరిది.

డబ్బాల నడిచేది పోస్ట్‌ఫిక్స్. దాన్ని రాసినాయన వీట్సే వెనెమా. డచ్చాయన. నేనుంటున్న ఈ ఐండ్‌హోవెన్ యూనివర్సిటీలనే ఏండ్లకేండ్లు పనిచేసిండు. తర్వాత అమెరికాల ఐబీఎంల ఉండి 1998ల దీన్ని ఊరికెనే జనానికి ఇచ్చిండు. దాని హుకుంలన్నీ "మెయిన్ డాట్ సీఎఫ్" అనే ఫైల్ల ఉంటయి. అండ్ల "రిలేహోస్ట్" అనే వరుస ఖాళీగుంటే ప్రతి ఉత్తరాన్ని తానే మోసుకపోత అంటది డబ్బా. అక్కడ పెద్ద సర్వర్ పేరు రాస్తే, అన్నీ ఆ ఒక్క దర్వాజకే పోతయి. పేరుకు అటొకటి ఇటొకటి చదరపు బ్రాకెట్ పెట్టాలె. బ్రాకెట్లు లేకుంటే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎంఎక్స్ రికార్డు వెతుకుతది, అంటే ఆ పేరు మీద వచ్చే ఉత్తరాలు తీసుకునే సర్వర్ కాడికి పోతది. మనకు గావాల్సింది పంపే సర్వర్. బ్రాకెట్ల తర్వాత రెండు చుక్కలు, దాని పక్కన 587. పంపెటోళ్ల కోసమే 1998ల ఈ దారిని విడిగ పెట్టిండ్రు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్తెనే అక్కడ ఉత్తరం తీసుకుంటరు.

ఆ పాస్‌వర్డ్‌ను వేరే ఫైల్ల రాసి, "పోస్ట్‌మ్యాప్" కొట్టి, ఎవరూ చదవకుండ బందోబస్తు చేసిన. చేసి ఏం లాభం? నన్ను ఫోన్ల అడిగి మరీ తెలుసుకొని, దాన్ని గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన రాసినవట. తమ్ముడు చెప్పిండు. పాలాయన రోజు వచ్చి అదే క్యాలెండర్ చూస్తడు చిన్నాయనా.

ఇగ అసలు తిరకాసు. మన గల్లీ పిలగాని దగ్గర రిలే సర్వర్ లేదు. ఇక్కడ నా ప్రొవైడర్‌కు ఉంది గని, తన లైన్ల మీద ఉన్నోళ్ల ఉత్తరాలే తీసుకుంటది. అందుకని లాల్ దర్వాజ డబ్బా నుంచి నా ఇంట్లున్న మిషన్ దాక వైర్‌గార్డ్‌తోని సొరంగం తవ్విన. నీ మోరీ అర్జీ ఇప్పుడు మన ఇంట్ల బయలెల్లి, ఐండ్‌హోవెన్ వచ్చి, స్టాంపు వేయించుకొని, మళ్ల వెనుకకు తిరిగి మూసీ అవతలి ఆఫీసుకు పోతది. జవాబులు గూడ ముందు నా దగ్గరికొచ్చి, అదే సొరంగంల నుంచి నీకు దిగుతయి. నువ్వు రైలు తపాలా కొలువైన ఆర్ఎంఎస్‌ల సార్టర్‌గ ఉన్నప్పుడు కాచిగూడ సంచిలకు గుంటూరు ఉత్తరం పడితే "మిస్‌సెంట్" ముద్ర, మెమో, సంజాయిషీ. ఇప్పుడు ఆటోల పోయేంత దూరానికి నీ అర్జీ యూరప్ చూసి వస్తున్నది. అయినా కొన్ని సెకన్లల్ల పని అయిపోతది.

ఇంకో రెండు కాయిదాలు గూడ పెట్టిన. మన పేరు మీద ఉత్తరం ఏ సర్వర్ల నుంచి వస్తే నమ్మొచ్చో చెప్పేది ఎస్పీఎఫ్. ఉత్తరం మీద చేసే సంతకం డీకిమ్. వీటిల ఏదో ఒకటన్న లేనిది తీసుకునేది లేదని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి రూలు పెట్టినయి.

అంత అయినంక లాగ్ ఫైల్ల "సెంట్" అనే మాట, దాని పక్కన 250 అనే నంబరు కనవడ్డయి. అవతలి సర్వర్ "ముట్టింది" అని చెప్పేది ఆ 250తోనే. ముట్టిందంటే సర్వర్‌కు ముట్టిందని. ఆఫీసరు చదివిండని కాదు. దానికి ఇంకా ఎవరూ నంబరు కనిపెట్టలే.

ఆషాఢంల బోనాలప్పుడు ఊరేగింపుకు అడ్డమొస్తున్నయని గల్లీల వైర్లు పైకెత్తుతరు, ఒకటో రెండో తెగుతయి. పరేషాన్ కాకు. లైన్ లేకుంటే పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని దాసుకొని మళ్ల మళ్ల పంపి చూస్తది. మామూలుగ ఐదు రోజుల దాక. అప్పటికీ పోకుంటెనే డీమన్ గారు చీటీ రాస్తరు. "ఇంకేమన్న సాయం గావాలంటే పోస్ట్‌మాస్టర్‌కు రాయుండ్రి" అని ఆ చీటీలనే ఉంటది, నువ్వు చూడలే.

ఆ పోస్ట్‌మాస్టర్ ఎవరంటవా? మెయిల్ తీసుకునే ప్రతి చోట పోస్ట్‌మాస్టర్ పేరు మీద ఒక పెట్టె ఉండి తీరాలని అదే 1982ల వచ్చిన ఇంకో ఇమెయిల్ రూల్స్‌లనే ఉంది. ఆర్ఎంఎస్‌ల పోస్ట్‌మాస్టర్ అనే కొలువే ఉండదని నువ్వు చిన్నబుచ్చుకునేటోనివి గద. మన ఇంటి డొమైన్‌కు పోస్ట్‌మాస్టర్‌వు నువ్వే. ఆర్డర్ ఇప్పటి నుంచే అమలు. డీమన్ మీద ఫిర్యాదు చేయాలంటే ఇగ నీకు నువ్వే చేసుకోవాలె.

ఆఖరుకు దండం పెట్టి ఒక మాట చెప్తున్న. రిలే సర్వర్‌కు గంటకు ఇన్ని ఉత్తరాలే అని లెక్క ఉంటది. మంత్రులు, ఎమ్మెల్యేలు, పేపరోళ్లు, రిటైరైన నీ దోస్తులు అందరికి కలిపి ఒక్కసారే మోరీ అర్జీ కొట్టకు. థుర్క్ చేసింది గదే. నా ప్రొవైడర్‌కు కోపమొస్తే నీ అర్జీలతోపాటు మా ఇంటి మెయిళ్లన్నీ ఆగుతయి, అప్పుడు మా ఇంటామె నీకే అర్జీ పెడతది. ఒక అర్జీ, ఒక ఆఫీసు. వారం దాక జవాబు రాకుంటే అప్పుడు రిమైండరు పెట్టు.

నీ అన్న కొడుకు