తెర యడుగును: ఒక షేర్‌వేర్ పద్యానికి టీకా తాత్పర్యము

అవతారిక

అక్కరలేనిది ఒక్క ముక్కా చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాసినవాడు కొలిచాల మల్లినాథ సూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయనది. నాది గుంటూరు, పైగా నాకు అలాంటి ప్రతిజ్ఞలేవీ లేవు. కాబట్టి నాలుగు పాదాల పద్యానికి వ్యాఖ్య నాలుగు పుటలైతే పాఠకులు సర్దుకోవాలి.

ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. 1999లో మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక ఎగుమతి కొట్లో, మెట్ల కింద ఇరికించిన కంప్యూటరు మానిటరుకు అంటించిన పసుపు కాగితం మీద బాల్‌పెన్నుతో రాసి ఉండేది. కర్త మా లెక్కల గుమాస్తా. భాషాప్రవీణ చదివి, బడి ఉద్యోగం రాక, మిర్చి టిక్కీల లెక్క రాసుకునేవాడు. అందరం పంతులుగారనే పిలిచేవాళ్ళం. వ్యాఖ్యాత ఆ కంప్యూటరు ఆపరేటరు, అనగా నేను.

వస్తువు ఇది. కొట్టు మొత్తానికి ఒకటే ఫోను, ఒకటే డయలప్ ఖాతా, ఎనిమిదిమంది మనుషులు. ఎనిమిదిమందికీ విడివిడిగా ఈ-మెయిలు ఉండాలని షావుకారుగారి పట్టు. కొలంబో బేరగాడెవరో ‘మీ మనుషులకు సొంత ఐడీలు లేవా’ అన్నాడట. అందుకని విండోస్ 98 వేసిన మామూలు పీసీ మీద, కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలోంచి ఎక్కించిన షేర్‌వేర్ మెయిల్ సర్వరు నడిపాం. గంటకోసారి అది మోడెమును లేపేది. మోడెము కీచుమని, గరగరమని, ఎట్టకేలకు కలిశాక, ఒకే పెట్టెలో పడి ఉన్న ఉత్తరాలన్నీ తెచ్చి, పైన ఎవరి పేరుంటే వాళ్ళ గూట్లో వేసేది. మూడు నిమిషాలకో పల్స్ పడే రోజులవి. ఎవరైనా ఫొటో పంపారంటే షావుకారుగారు గోడ గడియారం కేసి చూసేవారు.

మూలము

ముప్పది దినములకె ముగియు గడువనుచు
తెల్లవారగానె తెర యడుగును
పైకమీయకున్న పనిచేయు నయ్యది
సిగ్గె యద్దెగాను చేరు జాబు

ఇది ఆటవెలది. యతులు ము-ము, తె-తె, పై-ప, సి-చే. గణాలెక్కడైనా తప్పాయనిపిస్తే కర్తను తప్పుపట్టరాదు, ఆ కాగితం మీద రెండుసార్లు టీ ఒలికింది.

ప్రతిపదార్థము

ముప్పది దినములకె = ముప్పై రోజులకే. ఇక్కడ దినమనగా సూర్యుడు తిరిగే దినం కాదు, పీసీ గడియారం తిప్పే దినం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. అది చస్తే గడియారం 1980 జనవరి 1కి పోయి కూర్చుంటుంది. గడువు పెంచుకోవడానికి గడియారాన్నే వెనక్కి తిప్పడం ఆనాడు కుర్రాళ్ళందరికీ వచ్చిన విద్య. నేనూ తిప్పాను, సరిగ్గా ఒక ఏడాది. రేట్ల ఉత్తరాలు కూడా ఆ పీసీ మీదే కొట్టేవాణ్ణి గనక వాటి మీద కూడా పోయినేటి తేదీ పడింది. కొలంబోలో అవి పెట్టె అడుగుకు, పాత ఉత్తరాల కిందికి చేరాయి. నాలుగో రోజున ఫోను: ‘334 మిర్చి రేటు అడిగితే పంపరేం?’ గడియారాన్ని వెంటనే ముందుకు తిప్పేశాను.

ముగియు గడువనుచు = గడువు ముగియునని అంటూ. కవి ‘ముగిసె’ అనలేదు, ‘ముగియు’ అన్నాడు. తద్ధర్మార్థకం. అంటే ముగియడం దాని స్వభావమే కాని ముగియడమన్నది ఎప్పటికీ జరగదు. విన్‌జిప్ వాడినవారికి వేరే చెప్పనక్కరలేదు. కొద్ది రోజుల పరీక్షలో మీరు మూడు వందలవ రోజున ఉన్నారని తెర ఏ కోపమూ లేకుండా చెప్పేది. పరీక్ష ఎవరికన్నది మాత్రం చెప్పేది కాదు.

తెల్లవారగానె = కొట్టు తెరవగానే. ఊడ్చే మనిషి రాత్రి ప్లగ్గు పీకేసి పోయేది కనుక సర్వరుకు కూడా తెల్లవారేది.

తెర = మానిటరు. తెర ఎక్కడైనా అడుగుతుందా అని ఆక్షేపణ. లక్షణావృత్తి చేత అడుగుతుందని సమాధానం. మంచాలు అరుస్తున్నాయంటే మంచాల మీది మనుషులు అరుస్తున్నారని అర్థం చెప్పుకోమన్నారు శాస్త్రకారులు. అలాగే తెర అడుగుతోందంటే తెర వెనక మనిషి అడుగుతున్నాడని. ఆ మనిషి ఎవడు?

1982లో కాలిఫోర్నియాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే సంపాదకుడు మోడెముతో మాట్లాడించే పీసీ-టాక్ అనే ప్రోగ్రాము రాశాడు. కొట్లో పెట్టి అమ్మలేదు. అందరూ కాపీ తీసుకోండి, పక్కవాడికివ్వండి, నచ్చితే 25 డాలర్లు పంపండి అన్నాడు. దానికి ఫ్రీవేర్ అని పేరు పెట్టి, ఆ పేరును తన ట్రేడ్‌మార్కు చేసుకున్నాడు. అదే రోజుల్లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఐబీఎం ఉద్యోగి జిమ్ నాఫ్ పీసీ-ఫైల్‌తో ఇదే పద్ధతి మొదలుపెట్టాడు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే. జర్మనులో నాఫ్ అంటే బొత్తాం. అందుకని ఆయన జిమ్ బటన్ అని పేరు మార్చుకుని కంపెనీకి బటన్‌వేర్ అని పెట్టాడు. మరుసటేడు మైక్రోసాఫ్ట్ మానేసి వచ్చిన బాబ్ వాలెస్ పీసీ-రైట్ తెచ్చాడు. ఫ్రీవేర్ అన్న మాట ఇంకొకరి సొత్తు గనక షేర్‌వేర్ అన్న మాట ఆయనతో ప్రచారంలోకి వచ్చింది.

బటను ప్రస్తావన ఊరికే తేలేదు. అడిగే తెర మీద బటన్లు రెండు: ‘రిజిస్టరు చేసుకుంటాను’, ‘తర్వాత చూద్దాం’. నాలుగు సెకన్ల పాటు రెండూ బూడిద రంగులో ఉండి నొక్కుడు పడేవి కావు. ఆ నాలుగు సెకన్లూ పైన రాసింది చదవడం తప్ప గత్యంతరం లేదు. పోనీ కళ్ళు మూసుకుని నొక్కుదామంటే రెండూ రోజుకో వైపు ఉండేవి. కుడివైపుకు అలవాటుపడ్డ వేలు మర్నాడు తప్పుడు బటను మీద పడి, డాలర్లెలా కట్టాలో చెప్పే పేజీ తెరుచుకునేది. దాని వెనక మనిషి ఉన్నాడని నాకు గట్టిగా అనిపించింది అక్కడే. యంత్రానికి అంత కొంటెతనం ఉండదు.

అడుగును = అడుగుతుంది. గద్దించదు.

పైకమీయకున్న = ఇక్కడ వివాదం. ‘ఈయకున్నను’ అనాలి, ‘ను’ లేదు. ఉంటే, డబ్బివ్వకపోయినా పనిచేస్తుంది అని సులువుగా అర్థం వస్తుంది. లేకపోతే, డబ్బివ్వకుంటేనే పనిచేస్తుంది అని అర్థం. మొదటిది పామరుల అన్వయం. రెండోది పంతులుగారిదే, ఆయన్నే అడిగాను. ‘మన ప్రపంచంలో డబ్బిచ్చి కొన్నదేది పనిచేసిందిరా అబ్బాయ్?’ అన్నారు. ఈ అన్వయం ఎంత దూరదృష్టి గలదో ఫలశ్రుతిలో తేలుతుంది.

సిగ్గె యద్దెగాను = సిగ్గే అద్దెగా. రూపకం. ధర 99 డాలర్లు, అప్పటి లెక్కన 4,200 రూపాయల పైచిలుకు, నా నెలజీతం కంటే ఎక్కువ. ఇచ్చేది షావుకారుగారే అయినా ఆయనకు క్రెడిట్ కార్డు లేదు. బ్యాంకుకు పోయి డాలర్ల డ్రాఫ్టు తీయించాలంటే వంద కాగితాలు, ఒక పూట. అవన్నీ సాకులే. అవి సాకులని రోజూ పొద్దున నాలుగు సెకన్లు తెలిసేది. ఆ నాలుగు సెకన్లే అద్దె.

‘ఏరా, ఇవాళా అడిగిందా?’ అనేవారు పంతులుగారు చెప్పులు విడుస్తూ.

‘అడిగింది పంతులుగారూ.’

‘ఏం చెప్పావు?’

‘తర్వాత చూద్దామన్నా.’

‘బాగుంది. నేనూ వస్తూ వస్తూ పాలవాడికి అదే చెప్పొచ్చా.’

చేరు జాబు = ఉత్తరం చేరుతుంది. రెండే మాటలు. వ్యాఖ్య మాత్రం వీటికే ఎక్కువ కావాలి. ఈ చేరడానికి సూత్రగ్రంథం ఒకటుంది. 1982 ఆగస్టులో, మళ్ళీ ఆ కాలిఫోర్నియాలోనే వెలువడింది, ఆర్‌ఎఫ్‌సీ 821 అంటారు. సూత్రకారుడు జాన్ పోస్టెల్. తపాలా శాస్త్రం రాసినవాడి ఇంటిపేరే పోస్టెల్ అయినప్పుడు నిరుక్తకారులకు ఇక పనేముంది?

సర్వరు ఊపిరితో ఉందా లేదా అని నాడి చూసే పద్ధతి ఒకటుంది. టెల్‌నెట్ తెరిచి 25వ ద్వారం దగ్గర నిలబడి మనమే మరో సర్వరులా మాట్లాడాలి. విండోస్ 98 టెల్‌నెట్‌లో మనం కొట్టే అక్షరాలు మనకే కనబడవు, చీకట్లో చదరంగం. సర్వరు ముందుగా ‘220’ అంటుంది, అంటే సిద్ధమని. మనం ‘హెలో’ అనాలి. ఇంగ్లీషులో ఈ హెలోకు ఒక ఎల్ తక్కువ. అచ్చుతప్పు కాదు, ఛందస్సు. పోస్టెల్ సూత్రాల్లో ఆజ్ఞలన్నీ నాలుగక్షరాలవే, ఐదో అక్షరానికి చోటు లేదు. తర్వాత ‘మెయిల్ ఫ్రమ్’ అని పంపేవాడి పేరు చెప్తాం. ‘250’, సరే అంటుంది. పొందేవాడి పేరు చెప్తాం. మళ్ళీ 250. ‘డేటా’ అంటాం. ‘354’, ఊఁ కానివ్వు అంటుంది. ఉత్తరమంతా కొట్టి, ఆఖరున ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెట్టి ఎంటరు కొడితే ఉత్తరం అయిపోయినట్టు.

చుక్క పెట్టకపోతే? అది వింటూనే ఉంటుంది. ఓసారి రాత్రి నేను చుక్క మరిచి టీకి పోయి వచ్చేసరికి, ఇంకా ఏదో చెప్తానని ఎదురుచూస్తూనే ఉంది పాపం. మరి ఉత్తరంలోనే ఒక వరుస చుక్కతో మొదలైతే? పంపేవాడు ముందు ఇంకో చుక్క చేర్చాలి, పుచ్చుకునేవాడు దాన్ని తీసేయాలి. మధ్యలో వచ్చి మధ్యలోనే పోయే ఆగమం. ఇంత పట్టింపు గల సూత్రకారుడు ‘మెయిల్ ఫ్రమ్’ దగ్గర చెప్పిన పేరు నిజమేనా అని మాత్రం అడగమనలేదు. నేను రాష్ట్రపతి భవన్ నుంచి మాట్లాడుతున్నానని కొట్టి చూశాను. 250, సరే అంది. ఒకే ఏడు ఒకే రాష్ట్రంలో ఒకాయన ‘డబ్బు మీరే పంపుతారు’ అని, ఇంకొకాయన ‘పేరు మీరే నిజం చెప్తారు’ అని రాసిపెట్టారు. మా మెట్ల కింద ఆ ఇద్దరి మాటల మీదా ఒకే పీసీ నడిచేది.

తాత్పర్యము

ఓ పాఠకుడా! ఈ సర్వరు గడువు తీరిందని రోజూ పొద్దున్నే అడుగుతుంది. ఇవ్వకపోయినా పనిచేస్తుంది. ఆ సిగ్గు పడి మనం ఉత్తరాలు అందుకుంటాం.

విశేషము

ప్రతి సర్వరులోనూ పోస్ట్‌మాస్టర్ అనే పెట్టె ఒకటి ఉండి తీరాలని శాస్త్రం. మా కొట్లో ఆ పదవి నాది. సైకిలూ లేదు, ఖాకీ లేదు. కాని ఒక భోగం ఉంది. మా సర్వరు ఉత్తరం పైన ఉన్న పేరు చూసి పంచేదని చెప్పాను కదా. రహస్య ప్రతి, అంటే బీసీసీ, పంపితే పైన ఆ పేరే ఉండదు. పేరు లేని ఉత్తరాలన్నీ పోస్ట్‌మాస్టర్ గూట్లో పడతాయి. తత్ఫలితంగా కొట్లో ఎవరికీ తెలియకూడదని పంపినవన్నీ మొట్టమొదట నాకే తెలిసేవి. చిట్టగాంగు వ్యాపారి మా పోటీదారుకు ఇచ్చిన రేటు, మా గోడౌను మేనేజరుకు వస్తున్న వేరే ఉద్యోగం, ఒక పెళ్ళి సంబంధం. పోస్ట్‌మాస్టరు ధర్మం పాటించి అన్నీ వాళ్ళవాళ్ళకు దాటించాను. చదివాకే.

దోష విచారము

2005లో బ్రాడ్‌బ్యాండు వచ్చింది. మోడెము అరుపులు ఆగాయి, పీసీ రాత్రింబవళ్ళు ఇంటర్నెట్టుకు ఆనుకుని ఉంది. సెట్టింగుల్లో ‘రిలే’ అనే చోట ఒక టిక్కు ఉంది. ఎవరు తెచ్చిన ఉత్తరాన్నయినా ఎవరికైనా దాటిస్తాననడం దాని భావం. డయలప్ కాలంలో అది ఉన్నా లేకున్నా ఒకటే, నేను తీయలేదు. ఒక సోమవారం పొద్దున హార్డ్ డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది. బట్వాడా కావాల్సిన ఉత్తరాలు వేలకు వేలు, అన్నీ మందుల ప్రకటనలు, ఒక్కటీ మాది కాదు. ఊరూ పేరూ లేనివాడెవడో వచ్చి హెలో అన్నాడు, మాది 250 అంది. రాత్రంతా అలా అంటూనే ఉంది.

శాస్త్రంలో 4తో మొదలయ్యే జవాబుకు ‘తర్వాత రండి’ అని, 5తో మొదలయ్యే దానికి ‘ఇక రావద్దు’ అని అర్థం. మొదటిదైతే సర్వరు రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ తలుపు తడుతుంది, తాలూకాఫీసుకు తిరిగే రైతులాగా. ఆ సోమవారం మా అడ్రసు నల్లజాబితాకెక్కింది, కొలంబో నుంచి మా రేట్ల ఉత్తరానికి 550 వచ్చింది. తప్పు సర్వరుది కాదు, ఆరేళ్ళుగా ఆ టిక్కు చూస్తూ ఊరుకున్న పోస్ట్‌మాస్టరుది. షావుకారుగారు ఏమీ అనలేదు. ‘మన పేరు మీద ఎవడో అమ్ముకున్నాడన్నమాట’ అని మాత్రం అన్నారు. మర్నాడు పొద్దున తెర అడిగినప్పుడు ఆ నాలుగు సెకన్లు చాలా పొడుగ్గా ఉన్నాయి.

ఫలశ్రుతి

న్యూజెర్సీలో ఉన్న షావుకారుగారి చిన్నబ్బాయి తన కార్డు మీద డబ్బు కట్టాడు. తాళంచెవి అంకెలు మా సర్వరులోకే వచ్చాయి. పంపినాయన దేనికో బీసీసీ వాడినట్టున్నాడు, తిన్నగా పోస్ట్‌మాస్టర్ గూట్లో పడ్డాయి. ఎక్కించి, రిలే టిక్కు తీసేసి, ఇంటికి పోయాను.

పొద్దున వచ్చేసరికి కొట్టంతా గొడవ. ‘తెర అడగలేదురా’ అన్నారు పంతులుగారు. ఆరేళ్ళుగా ఆ పెట్టె కనబడితేనే సర్వరు లేచినట్టు అందరి లెక్కా. ఇవాళ కనబడలేదు గనక చచ్చిందనుకుని, నేను రాకముందే మూడుసార్లు స్విచ్చి ఆపి వేశారు. మూడోసారి సగంలో ఉన్న డిస్కు తనిఖీ మీద ఆపారట, విండోసే లేవలేదు. పంతులుగారు పసుపు కాగితం కేసి చూసి, మూడో పాదం మీద వేలు పెట్టి, నా మొహం చూశారు.

మధ్యాహ్నానికి అన్నీ తిరిగి ఎక్కించాను. మునుపటి తెరే, అడిగే పెట్టె లేదంతే. పైన నీలం పట్టీలో కొత్తగా ‘రిజిస్టర్డ్’ అని ఉంది, పక్కన షావుకారుగారి ఇంటిపేరు, ఒక అక్షరం తప్పుతో.