కేసముద్రవాస శతకం – మీట దీపిక

అవతారిక

మా చిన్నాయన కొడుకు పోయినేడు మిర్చి అమ్మిన పైసల్లోంచి కొన్ని, వాళ్ళ బాపును నెల రోజులు బతిమాలి, చేతికి తీసుకున్నాడు. కేసముద్రంలో వాళ్ళింటి వెనక మక్కలు పోసే అర్రను ఊడ్చి సున్నం వేయించాడు. బతుకమ్మ పాటలు, జాతర పాటలు, పెండ్లి పాటలు అందులోనే రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలని వాడి సంకల్పం. ఒక రాత్రి పది దాటాక ఫోన్ చేసి, "అన్నా, మిక్సర్ ఏది తీస్కోను? పన్నెండు చానెళ్ళదా, పదహారుదా?" అన్నాడు.

వచనంలో చెబితే మావాళ్ళు వినరు. అందుకని ఒక ఆటవెలది రాసి పంపాను. "మంచిగుంది అన్నా, కానీ ఏం చెప్పినవ్?" అని తిరుగు మెసేజ్ వచ్చింది. ఇక టీక తప్పలేదు.

తన పద్యానికి తానే టీక రాసుకోవడం పెద్దలు మెచ్చే పని కాదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచలం మల్లినాథ సూరి మెదక్ వైపు కొల్చారం వాడు. ఆధారం లేనిదీ, అవసరం లేనిదీ రాయనని ముందే ఒట్టు పెట్టుకుని కలం పట్టాడు. ఆ ఒట్టులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగానికి హామీ లేదు. మూడు కావ్యాల వ్యాఖ్యలకూ ఆయన 'సంజీవని' అన్న పేరే వాడేసుకున్నాడు గనక దీనికి 'మీట దీపిక' అని పెట్టుకుంటున్నాను.

మూలం – 1

చానె లెన్ని యున్న సౌఖ్యంబు లేదయా
తీగ రెండె గాని తిరిగి రావు
గొంతు లెన్ని యనుచు గుణియింపుమో తమ్మి
కేసముద్రవాస! క్షేమ మదియె

ప్రతిపదార్థం

కేసముద్రవాస = కేసముద్రమునందు కాపురముండువాడా; ఓ తమ్మి = ఓ తమ్ముడా; చానెల్ + ఎన్ని + ఉన్నన్ = మైకు గుచ్చు తొర్రలు ఎన్ని కలిగియున్నను; సౌఖ్యంబు = సుఖము; లేదు + అయా = లేదు నాయనా; (ఏలయన) తీగన్ = యూఎస్‌బీ కేబుల్ వెంట; రెండె కాని = రెండు మాత్రమే తప్ప; తిరిగి రావు = కంప్యూటర్‌కు చేరవు; (కావున) గొంతులు + ఎన్ని + అనుచున్ = ఒక్కసారి పలుకు గొంతులు ఎన్ని అని; గుణియింపుము = లెక్క చూసుకొనుము; అదియె = ఆ లెక్కయే; క్షేమము = పైసలకు రక్ష.

పద విశేషాలు

'చానెల్' అన్యదేశ్యం, హలంతం. వెనక అచ్చు తగలగానే 'చానె లెన్ని' అని విరిగింది. చకార సకారాలకు సరసయతి చెల్లుతుంది. చెల్లదనేవాళ్ళు ముందు లాక్షణికుడు అప్పకవితో తేల్చుకుని తర్వాత నా దగ్గరికి రావాలి.

'తమ్మి' అంటే నిఘంటువులో తామరపువ్వు. ఆ అర్థం పట్టుకుంటే "ఓ తామరపువ్వా, గొంతులు లెక్కబెట్టుకో" అని అన్వయం వస్తుంది. వరంగల్ వైపు తమ్ముణ్ణి 'తమ్మీ' అనే పిలుస్తాం. ఇక్కడ దేశ్యార్థమే గ్రాహ్యం.

'కేసముద్రం'లోని సముద్రం ఉప్పునీళ్ళది కాదు. పెద్ద చెరువును సముద్రమనడం ఈ నేలకు పాత అలవాటు. ఇదే జిల్లాలో బయ్యారం చెరువుకు కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ పెట్టిన పేరు ధర్మకీర్తిసముద్రం. ఇదే జిల్లా అంటే మహబూబాబాద్. 2016 దాకా కేసముద్రం వరంగల్ జిల్లాలో ఉండేది. మా ఇండ్లలో ఇంకా వరంగలే.

శంక: ఒక పద్యంలో రెండు సంబోధనలా? పునరుక్తి దోషం కాదా? సమాధానం: కాదు. తమ్మి కొనేవాడు, కేసముద్రవాసుడు పైసలిచ్చిన వాళ్ళ బాపు. క్షేమం చెప్పింది రెండో ఆయనకు.

మరొక శంక: పద్యమంతా మిక్సర్ గురించే అయినా ఆ మాట ఎక్కడా లేదేం? కావాలనే అధ్యాహారంగా వదిలాను. ఆ శబ్దానికి నానార్థాలు. వాడు మిక్సర్ కొంటున్నాడని చెప్పగానే మా చిన్నమ్మ, "జార్లు ఎన్ని వస్తయట?" అని అడిగింది. నవ్వారు గానీ, అంగట్లో ఎవరూ అడగని సరైన ప్రశ్న అదే. ఎన్ని పోస్తావన్నది కాదు, ఎన్నిటిని విడివిడిగా పట్టుకుంటావన్నది.

విశేషార్థం

ఈ పద్యానికి ప్రాణం రెండో పాదంలో ఉంది. మిక్సర్ మీద గుండ్రని మీటలు, జారుడు మీటలు వరుసలు కట్టి ఉంటాయి. ఒక్కో మైకుకు ఒక్కో వరుస. పై నుంచి కిందికి గెయిన్, ఈక్యూ, ఎకో, ఫేడర్. చూస్తే మార్కెట్ యార్డులో మిర్చి రాసులు పోసినట్టు నిండుగా ఉంటుంది, చెయ్యి ఊరుకోదు. అయితే ఆ వరుసలన్నీ లోపల కలిసిపోయి ఎడమ, కుడి అని రెండు పాయలై బయటికొస్తాయి. కలపడమే దాని ఉద్యోగం. తక్కువ ధర మిక్సర్లు చాలావాటిలో తీగ వెంట కంప్యూటర్‌కు చేరేవి ఆ రెండు పాయలే. యమహా ఎంజీ10ఎక్స్‌యూ తీసుకుందాం. మంచి సరుకు. పది ఇన్‌పుట్లు, అందులో మైకు పెట్టేవి నాలుగు, కంప్యూటర్‌కు వెళ్ళేవి రెండు. ఈ సంగతి కాగితం మీద అచ్చేసే ఉంది. కాగితం చదవకుండా మీటలు తిప్పడం మన ఆచారం.

పెండ్లి పందిట్లో, సద్దుల బతుకమ్మ నాడు స్టేజీ మీద ఈ గుణమే వరం. అక్కడ పాట పుట్టిన క్షణంలోనే కలిసి బాక్సుల్లోంచి మోగాలి, తర్వాత దిద్దుకునే వీలుండదు. ఇంట్లో రికార్డింగ్ అందుకు తలకిందులు. కలిపే పని వారం తర్వాత కంప్యూటర్ ముందు తీరిగ్గా జరుగుతుంది, క్యూబేస్, రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో. ముందే కలిపిచ్చిన సరుకును అక్కడ ఏం కలుపుతావు?

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. కొన్నేళ్ళ కింద ఒక అంగట్లో (పేరు అడగొద్దు) పది చానెళ్ళ మిక్సర్ కొన్నాను. మా వాడకట్టులో ఒక పెద్దమ్మ బతుకమ్మ పాటలకు పెట్టింది పేరు. ఆమె ఎత్తుకుంటే ముగ్గురు వంత పాడారు, పక్కన ఒక పిల్లగాడు డోలక్ వాయించాడు. నాలుగు మైకులు, నాలుగు ఫేడర్లు, నా మొహం మీద నాలుగు స్టూడియోల గర్వం. పాట అయిపోయాక కంప్యూటర్‌లో చూస్తే రెండే గీతలు. డోలక్ దెబ్బ పడ్డప్పుడల్లా పెద్దమ్మ గొంతు మునుగుతున్నది. డోలక్ తగ్గిద్దామని మీట తిప్పితే పెద్దమ్మ కూడా దానితో పాటే దిగిపోయింది. మళ్ళొకసారి పాడమని బతిమాలితే, "బతుకమ్మను సాగనంపినంక ఇంకేం పాట బిడ్డా?" అని వాకిలి ఊడ్చుకోసాగింది.

పాలనూ నీళ్ళనూ వేరుచేసే హంస కావ్యాల్లో ఉంది. గొంతునూ డోలక్‌నూ వేరుచేసే సాఫ్ట్‌వేర్లు ఈ మధ్య వచ్చాయి. వేరు చేస్తాయి, కాదనను. కానీ ఆ గొంతు బిందెలో తల పెట్టి పాడినట్టు వస్తుంది.

పాఠాంతరం

రెండో పాదానికి "తీగ పదియు గూడి తిరిగి వచ్చు" అని ఒక పాఠం ప్రచారంలో ఉంది. ఛందస్సు సరిపోయింది, సత్యం సరిపోలేదు. ఇది అంగడి పాఠం. కవి ఎరగడు, వ్యాఖ్యాత ఒప్పుకోడు. అయితే ఈ పాఠం నిజంగా అన్వయించే మిక్సర్లు లేకపోలేదు. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకేలో తీగ వెంట 14 విడివిడిగా పోతాయి. పేరు చివర ఉన్న ఆ మూడక్షరాల విలువ అది. ఆ అక్షరాలు లేని దాని తమ్ముడు పక్కనే అదే రంగులో కూర్చుని ఉంటాడు. ఇద్దరినీ గుర్తుపట్టలేక మోసపోయేవాళ్ళే ఎక్కువ.

'సౌఖ్యంబు లేదు' అనడానికి ఇంకో హేతువు

మైకులు తెరిచిపెట్టిన కొద్దీ పాటతో పాటు ఫ్యాను, బల్లి, పక్కింటి కుక్కరు కూడా వస్తాయి. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ గది మోత 3 డెసిబెల్స్ చొప్పున పెరుగుతుంది. ఒకటికి బదులు ఎనిమిది తెరిస్తే 9 డెసిబెల్స్. ఎనిమిది కొన్న పాపానికి ఎనిమిదీ తెరవడం మానవ స్వభావం.

గొంతులెన్ని?

ఇక్కడ 'గొంతు' లక్షణచేత వాద్యాలను కూడా చెబుతుంది. ఒగ్గుకథ బృందం మొత్తాన్ని ఒక్క ఊపులో పట్టాలంటే డోళ్ళు, తాళాలు, కథకుడు, వంత కలిసి ఆరేడు మైకులు కావాలి. దానికి ఆ మూడక్షరాల మిక్సరో, ఎనిమిది మైకులకు చోటున్న ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 లాంటి ఇంటర్‌ఫేసో (మైకులను కలపకుండా విడివిడిగా కంప్యూటర్‌కు పంపే పెట్టె) ఉండాల్సిందే. ఒగ్గువాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరిని పాడమంటే కథ చచ్చిపోతుంది.

కానీ తమ్మి రాసిచ్చిన జాబితాలో ఒగ్గుకథ లేదు. కీబోర్డు ట్రాకు వరంగల్‌లో దోస్తు చేసి పంపుతాడు. ఇక్కడ పట్టాల్సింది గాయని గొంతు, ఆ తర్వాత డప్పు, ఆ తర్వాత వంత. ఒక్కసారికి ఒకటి, మహా అయితే రెండు. రెండు గొంతులకు రెండు మైకు తొర్రలున్న చిన్న ఇంటర్‌ఫేస్ చాలు.

శంక: తక్కువ సామానుతో పెద్ద పాట పుడుతుందా? దేశాంతర ప్రమాణం చెబుతున్నాను. 1979లో టాస్కామ్ వాళ్ళు పోర్టాస్టూడియో అని క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు పట్టే పెట్టె తెచ్చారు. 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే అమెరికా గాయకుడు దాని ముందు ఇంట్లోనే కూర్చుని నమూనా కోసమని కొన్ని పాటలు పాడుకున్నాడు. తర్వాత బృందంతో పెద్ద స్టూడియోలో మళ్ళీ పాడితే ఆ గుణం రాలేదు. చివరికి ఇంటి క్యాసెట్టే 'నెబ్రాస్కా' అన్న ఆల్బమ్‌గా అచ్చయింది. బీటిల్స్ 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్' కూడా నాలుగు ట్రాకుల యంత్రాల మీదే అయింది. మా తమ్మి కంప్యూటర్‌లో ట్రాకులకు లెక్క లేదు. అడ్డం పడుతున్నది లోపలికి వచ్చే దారి ఒక్కటే.

పూర్వపక్షం: మిక్సర్ ఉంటే పాడేవాళ్ళకు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు ఆలస్యం లేకుండా వినిపిస్తుంది కదా? నిజం. కంప్యూటర్ చుట్టూ తిరిగొచ్చే గొంతు 10 మిల్లీసెకన్లు ఆలస్యమైతే మూడున్నర మీటర్ల అవతలి నుంచి విన్నట్టుంటుంది. ఇంకాస్త పెరిగితే పాడేవాళ్ళు తాళం తప్పుతారు. అయితే ఇంటర్‌ఫేస్ మీద కూడా డైరెక్ట్ మానిటర్ అని ఒక మీట ఉంటుంది. ఆ మీట ఒక్కటి నేర్చుకుంటే పూర్వపక్షం ఖండితం.

ఇక 48 వోల్టులు అని రాసిన మీట సంగతి. దాని పేరు ఫాంటమ్ పవర్. కండెన్సర్ మైకుకు మైకు తీగ గుండానే కరెంటు అందుతుంది. 1966లో నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియోకు మైకులు ఇచ్చేటప్పుడు, అక్కడి స్టూడియోల్లో దీపాలకు 48 వోల్టుల సరఫరా ముందే ఉండటంతో అదే ఖాయమైందట. ఎక్కడో చలిదేశపు దీపాల లెక్క ఇవాళ కేసముద్రంలో మక్కల అర్ర దాకా వచ్చింది. మైకు గుచ్చాక, ఫేడర్ దించి, అప్పుడు ఈ మీట నొక్కాలి. ముందే నొక్కి గుచ్చితే బాక్సులోంచి వచ్చే దెబ్బకు పక్కన పడుకున్న బాపు లేస్తాడు.

మూలం – 2

రైలు వచ్చు వేళ రాగంబు తీయకు
మీట లెన్ని యున్న మేలు లేదు
గోడ మందమైన గోలయు తగ్గును
కేసముద్రవాస! క్షేమ మదియె

తాత్పర్యం: స్పష్టం. రైలు పోయేదాకా ఆగు.

కేసముద్రం కాజీపేట–విజయవాడ లైను మీద ఉంది. 2024 సెప్టెంబర్ 1న వరదకు ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి. అలాంటి నిశ్శబ్దం ఎవరూ కోరుకోరు. మిగతా రోజుల్లో గూడ్సు బండి ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. మిక్సర్ మీద లో కట్ అని ఒక మీట ఉంటుంది. చాలావాటిలో 80 హెర్ట్జ్ కింది మోతను కోస్తుంది. బండి గుడగుడ కొంత పోతుంది. హారన్ పోదు, అది మనిషి గొంతు ఉండే చోటే ఉంటుంది.

తమ్మి గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాడు. అవి బయటి చప్పుడును ఆపవు. చప్పుడును ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే ఇంచుమించు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది లోపలి గణగణకు చిన్నమ్మ కుట్టిన పాత బొంతలు నాలుగు వేలాడదీస్తే అట్టల కన్నా మేలు. వేలాడదీశాం. చిన్నమ్మ రెండు వెనక్కి తీసుకుంది, చలికాలం వస్తున్నదని.

టీక చదివి తమ్మి రెండు మైకుల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, హెడ్‌ఫోన్ తెచ్చుకున్నాడు. మిగిలిన పైసలతో తలుపు మార్పించాడు. శతకానికి మరో 106 పద్యాలు బాకీ ఉన్నాయి. ఈలోపు పందిట్లో సౌండ్ పెట్టేవాళ్ళెవరికైనా పది చానెళ్ళ మిక్సర్ కావాలంటే నా దగ్గర ఒకటుంది, డబ్బా, థర్మోకోల్, బిల్లుతో సహా. ఫేడర్లు మెత్తగా జారతాయి, పెద్దగా వాడింది లేదు.