నా లోపల గడ్డి తప్ప ఏమీ లేదు

నేను ఇనుప జాలీని. నిలబెడితే మనిషి భుజం దాకా వస్తాను, చుట్ట చుడితే సంకలో పెట్టుకుని నడిచిపోవచ్చు. నా కళ్లలోంచి చిన్నపిల్లల చెయ్యి దూరుతుంది. దుప్పి మూతి దూరదు, నాలుక మాత్రం దూరుతుంది. ఈ కొలత వల్లే నా బతుకు దుప్పులతో ముడిపడింది.

మొదట నన్ను నాంపల్లిలో నిలబెట్టారు. బోర్డు మీద పబ్లిక్ గార్డెన్స్ అని ఉంటుంది, పాతవాళ్ల నోట బాగే ఆమ్. ఒక పక్క 1913లో పూర్తయిన టౌన్‌హాలు, తర్వాత అది శాసనసభ అయింది. గాలి ఇటు తిరిగితే నాంపల్లి స్టేషన్‌లో ఇంజన్ల కూతలు వినిపించేవి. ఆ తోటలో అప్పట్లో జంతుశాల ఉండేది. దుప్పుల దొడ్డి చుట్టూ నాలాంటి జాలీలే.

దుప్పులకు పొద్దున్నే లూసర్న్ మోపులు పడేవి. అది ఎంత మంచి గడ్డో అంత త్వరగా అయిపోయేది. మిగతా రోజంతా జనమే మేత. పల్లీలు, అరటి తొక్కలు, ఉస్మానియా బిస్కెట్లు, ఎండిన రొట్టె ముక్కలు నా కళ్లలోంచి లోపలికి వెళ్లేవి. నెమరువేసే జంతువు కడుపులో నాలుగు గదులుంటాయనీ, మొదటి గదిలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు కోట్లలో కాపురం ఉంటాయనీ ఇచ్చేవాళ్లకు తెలియదు. గడ్డికి అలవాటు పడిన ఆ కాపురంలో ఒక్కసారిగా పిండి వచ్చి పడితే ఆమ్లం పెరిగి, పశువు కడుపు ఉబ్బి కూలబడుతుంది. ప్రేమగా పెట్టిన రొట్టె దుప్పిని చంపగలదు.

లోపల నేల మీద ఒక్క పరక ఉండేది కాదు. డెక్కలు తొక్కీ తొక్కీ మట్టి గట్టిపడిపోయింది, వాన పడితే నీళ్లు ఇంకకుండా పారిపోయేవి. బయట మాత్రం తోట పచ్చగా ఉండేది. అయితే నన్ను ఆనుకుని బయటివైపు బెత్తెడు వెడల్పున గడ్డి ఎప్పుడూ కురచగానే ఉండేది. దుప్పి నాలుక అందినంత మేర అన్నమాట. అక్కడ తోటమాలి కత్తెర పెట్టాల్సిన పనే పడలేదు. తెచ్చి పడేసిన లూసర్న్ నమిలి ముగించి, మోకాళ్లు వంచి నా కింది వరస కళ్లలోంచి ఆ కాస్త గరిక కోసం అవి నాలుకలు చాచేవి. పెట్టిన మేత కన్నా మొలిచిన మేత మీద వాటికెంత మోజో నాకు తెలిసినంతగా ఆ తోటలో ఎవరికీ తెలియదు.

1963 అక్టోబర్ 6న మీరాలం చెరువు దగ్గర నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరిచారు. బాగే ఆమ్ జంతువులు అటు తరలిపోయాయి. వాటితో వెళ్లిన పెద్ద తాబేలు ఒకటి 2024 మార్చి దాకా బతికే ఉంది. నన్ను ఎవరూ తీసుకెళ్లలేదు.

ఆ తర్వాతి కాలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గులాబీ మడికి కంచెగా కొన్నాళ్లు, నాంపల్లి సందులో కోళ్ల గూటికి తలుపుగా కొన్నాళ్లు, పాత ఇనుము కుప్పలో చాలా కాలం. చివరికి అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల అంగడిలో తేలాను.

హైదరాబాదీలకు ఆ అంగడి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆదివారం దుకాణాల షట్టర్లు దిగాక ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నన్ను షట్టరుకు ఆనించి నిలబెట్టి, నా మీద క్లిప్పులతో పాత మ్యాగజీన్లు తగిలించేవాడు మా యజమాని. వాటిల్లో అమెరికా నుంచి వచ్చిన వేట పత్రికలు ఉండేవి. బట్టలకు క్లిప్పు పెట్టినట్టు నా ఒంటికి వేలాడుతూ, గాలికి పేజీలు తెరుచుకుని, అవి నాకు ఒక కొత్త వ్యవసాయం చూపించాయి.

అక్కడి వాళ్లు తెల్లతోక జింకల కోసమే చేను వేస్తారు. మట్టి పరీక్ష చేయించి, నేల పుల్లగా ఉంటే సున్నం చల్లుతారు. వేసవికి సోయా, అలసంద. చలికి ఓట్స్, క్లోవర్, టర్నిప్. మంచు కాటు తగిలాక టర్నిప్ ఆకులో చక్కెర పెరుగుతుంది కాబట్టి అంతదాకా జింక దాని జోలికి పెద్దగా పోదట. ఎరువు మోతాదు, విత్తే లోతు, కలుపు మందు అన్నీ మన వరి రైతు పాటించేంత నిష్ఠగా రాసి ఉండేవి. నాకు ముచ్చటేసింది. తీరా కథనం చివరి బొమ్మలో చెట్టు మీద మంచె, మంచె మీద తుపాకీ పట్టుకున్న మనిషి! మన రైతు మంచె ఎక్కేది చేలో పడ్డ జింకను తరమడానికి. వాళ్లు జింక కోసం చేను వేసి, దాన్ని రానిచ్చి, అప్పుడు మంచె ఎక్కుతారు. మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ పని నేరం. ఆ చట్టానికి ముందు ఈ ఊరేమీ పుణ్యక్షేత్రం కాదు లెండి. ఈ కూడలికి పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిద్ కొలువు చేసింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర, ఆ నిజాం పులుల వేటకు పేరుమోసినవాడు.

ఒక ఆదివారం అటవీ శాఖ ఉద్యోగి ఒకాయన వచ్చాడు. అమ్రాబాద్ అడవిలో పని. గడ్డి జాతుల మీద పుస్తకం కోసం చాలాసేపు వెతికాడు, దొరకలేదు. లేచి వెళ్లబోతూ నన్ను వేలితో మీటి చూశాడు.

"ఈ జాలీ ఎంత?"

"జాలీ అమ్మెటిది కాదు సార్, బుక్కులు తగిలిచ్చుకునేటందుకు."

"బుక్కులకు తాడు కడితే సరిపోతది గదా భాయ్."

మా యజమాని నన్ను ఎగాదిగా చూసి, పాత ఇనుము ధరకు రెండింతలు చెప్పాడు. ఆయన బేరం ఆడలేదు. అది అబిడ్స్‌కే అవమానం.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఒక పులి ఏడాదికి యాభై దాకా దుప్పి సైజు జంతువుల్ని తింటుంది, అవి తరగకుండా ఉండాలంటే చుట్టూ ఐదు వందలుండాలి అని శాస్త్రవేత్తల లెక్క. ఆ ఐదు వందలకూ గడ్డి కావాలి. గడ్డి ఉండాల్సిన చోటేమో లాంటానా పొదలు ఆక్రమించాయి. పులికి ఊరూరా అభిమానులున్నారు, గడ్డికి మాత్రం కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకోవాలి.

లాంటానాను కొడితే లాభం లేదు. నరికిన మోడు నుంచి నాలుగింతలు పిలకలొస్తాయి. వేళ్లతో పెకలించాలి, అదీ కాయ పండకముందే. పండితే పిట్టలు తిని అడవంతా విత్తుతాయి. తగిరిస, అడవి తులసి లాంటివి పూతకొచ్చేలోపు చేత్తో పీకేయాలి. ఒక్క ఏడు ఏమరితే మళ్లీ మొదటికే. పత్రికల్లో విత్తడం గురించి పేజీలకు పేజీలు రాస్తారు గానీ ఈ పనిలో ముప్పాతిక పీకడమే.

అలా పీకిన చోట చల్లిన గడ్డి విత్తనం దుకాణంలో కొనలేదు. శీతాకాలంలో ఆ అడవి గడ్డే గింజ పట్టినప్పుడు చేత్తో దూసి, ఎండబెట్టి, గోనె సంచుల్లో ఉంచారు. చాలా అడవి గడ్డి గింజలు రాలిన వెంటనే మొలవవు, కొన్ని నెలలు నిద్రపోతాయి. ఎండాకాలం దాటించి చల్లితేనే మేలు. అవి తేలిక, నూగు నూగుగా ఒకదానికొకటి అతుక్కుంటాయి, గాలి వస్తే ఎగిరిపోతాయి. అందుకని మట్టీ ఇసుకా కలిపి, నేల పైపైన గీరి, మృగశిర కార్తెలో చల్లారు. ఆ కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదానికి జనం బారులు తీరి ఉంటారు. ఇక్కడ మేం నలుగురం, ఒక మబ్బు.

గడ్డి చల్లకముందు, కొత్తగా వచ్చిన చిన్న ఉద్యోగి జొన్న వేద్దామన్నాడు. తొందరగా పెరుగుతుంది, దుప్పులు ఎగబడతాయి. చెంచు గూడెం నుంచి వచ్చిన వాచర్ ఒప్పుకోలేదు.

"వాన ఎనక్కు పోతే లేత జొన్న నాము తగుల్తది సార్. బర్రెకు తగిలితే డాక్టర్ వస్తడు. దుప్పికెవరొస్తరు?"

వాచర్ చెప్పింది నిజమే. బెట్టకొచ్చిన లేత జొన్నలోనూ కోసిన మోళ్ల పిలకల్లోనూ సైనైడ్ విషం తయారవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, వాచర్ అనలేదు గానీ నేనంటాను. అడవిలో పైరు రుచి మరిగిన దుప్పి రేపు ఊరి చేను వెతుక్కుంటూ పోతుంది, అక్కడ ఉచ్చులు, కరెంటు తీగలు ఉంటాయి. అందుకే మడిని ఊరికీ రోడ్డుకీ దూరంగా, నీటికి దగ్గరగా, చెట్ల అంచున వేశారు. దుప్పి రోజూ నీళ్లు తాగాలి, మేస్తూ మేస్తూ ఎప్పుడైనా చెట్లలోకి ఉరికే వీలుండాలి.

ఇక నా పని. నన్ను గుండ్రంగా చుట్టి, మేకులు కొట్టి మడి మధ్యలో నిలబెట్టారు. నా లోపల చదరపు మీటరు పైచిలుకు గడ్డి. ఒకప్పుడు దుప్పుల్ని లోపల ఉంచినదాన్ని, ఇప్పుడు వాటిని బయట ఉంచుతున్నాను. మేసినది ఎంతో తెలియాలంటే మేయనిది కొంత ఉండాలి గదా. నా లోపలా బయటా ఒకే కొలత చట్రం పెట్టి గడ్డి కోసి, ఎండబెట్టి, కాటా వేస్తారు. తేడా ఎంతో అంత దుప్పుల కడుపులోకి పోయినట్టు.

మొదటి తొలకరిలో తేడా రాలేదు. దుప్పులు మడి అంచుదాకా వచ్చి వాసన చూసి పోయాయి. తర్వాత ఒక కొండముచ్చుల గుంపు పక్క చెట్టెక్కి ఆకులు తుంపి పడేయడం మొదలెట్టింది, వాటి కింద ఏరుకు తింటూ దుప్పులు మడిలోకి జారాయి. వానలు తగ్గేసరికి నా లోపల గడ్డి మోకాలెత్తు, బయట వేలెడు.

నన్ను కొన్న ఆఫీసరు నా లోపలి పచ్చదనం చూసి మురిసిపోయాడు. నేను మురవలేదు. నాకు లోపలిది కనిపిస్తూనే ఉంది. చలి ముదిరేసరికి అది పీచుగా మారి, సూది మొన గింజలు పట్టి, ఏ మూతీ ముట్టలేని గడ్డి అయింది. బయట దుప్పులు కొరికిన చోటేమో కొరికిన కొద్దీ లేత చిగురు. నేను కాపాడినది ముదిరింది, అవి తిన్నది మళ్లీ మొలిచింది. అందుకే ఏటా నన్ను పీకి వేరేచోట పాతుతారు, లోపలి గడ్డిని కోసేస్తారు. ఒక్కోసారి లెక్క ఎదురు తిరుగుతుంది. బయట వేరు దాకా కొరికేసి మట్టి తేలితే, మందకు మడి చాలట్లేదని అర్థం. అప్పుడు ఇంకో బీడులో లాంటానా పీకడం మొదలెట్టాలి. ఈ సంగతి ఆఫీసరు ఫైలు కన్నా ముందు నా చుట్టూ ఉన్న నేలే చెబుతుంది.

ఈ జనవరిలో నన్ను మళ్లీ నాంపల్లి తెచ్చారు, నుమాయిష్‌లో ఒక స్టాల్లో చూపించడానికి. నుమాయిష్ పుట్టింది 1938లో, మా బాగే ఆమ్‌లోనే. ఈ ఎగ్జిబిషన్ మైదానానికి మారింది 1946లో. నా లోపల ట్రేలో పెంచిన గడ్డి పెట్టారు. పక్కన వాచర్ నిలబడ్డాడు. వచ్చినవాళ్లంతా లోపల జంతువేదని వెతికి, గడ్డేనని తెలిసి, మొహం చిన్నబుచ్చుకుని పోతున్నారు.

టెక్సాస్ నుంచి సెలవుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన మాత్రం ఆగాడు. "మా దగ్గరా ఇవే దుప్పులున్నాయండీ. 1932లో ఇక్కణ్ణుంచే తెచ్చారట. ర్యాంచిల్లో ఓట్స్ వేస్తారు, సాయంత్రమయ్యేసరికి మందలు మందలుగా దిగుతాయి."

వాచర్‌కు ఆసక్తి పుట్టింది. "మీ తాన గవిటిని తినేటిది ఎవరు సార్?"

"మేమే," అని నవ్వాడాయన.

"మా తాన పులి."

పులి మాట వినగానే చుట్టూ ఉన్న జనం పక్క బల్ల మీదున్న పులి పాదముద్ర అచ్చు వైపు కదిలారు. టెక్సాస్ ఆయన కూడా ఫోన్ తీసి అటే నడిచాడు. ఒక కుర్రాడు మిగిలాడు. వంగి చూసి, ఈ గడ్డి నిజందా ప్లాస్టిక్‌దా అని అడిగాడు. వాచర్ నా పైనుంచి చెయ్యి పెట్టి ఒక పరక తుంపి వాడికిచ్చాడు.

"నమిలి చూడు బిడ్డా."