ఒక ఫ్యాక్షన్ పద్యానికి టీక

మూలం (ఆటవెలది)

కత్తి పట్టువాడు కాఫీల నందించు
సగము బొమ్మ దాక సద్దు లేక
తొడను గొట్టినంత తూలి యాకసమున
బండ్లు లేచి పడును బాంబు లేక

ప్రతిపదార్థం: కత్తి పట్టువాడు = రాయలసీమ ఫ్యాక్షన్ సినిమా హీరో; కాఫీలన్ అందించు = తెలియని ఊళ్లో చిన్న పని చేసుకుని బతుకును; సగము బొమ్మ దాక = ఇంటర్వెల్ కార్డు పడేవరకు; సద్దు లేక = ఎవడేమన్నా తల వంచుకొని; తొడను గొట్టినంత = స్పష్టము; బండ్లు = టాటా సుమోలు; బాంబు లేక = కారణమేమీ లేకుండానే.

తాత్పర్యం: ఇంటర్వెల్ దాకా తిట్లు ఓర్చుకున్నవాడికే ఆ తర్వాత సుమోలు లేపే అధికారం.

విశేషాలు: ఇది విరాటపర్వం. 1999లో ‘సమరసింహారెడ్డి’ హీరో అబ్బులు పేరుతో హోటల్లో పనికి కుదిరాడు. వలలుడు. 2001లో ‘నరసింహనాయుడు’ డాన్సు మాస్టరు. సాక్షాత్తూ బృహన్నల. 2002లో ‘ఇంద్ర’ కాశీలో టాక్సీ నడిపాడు. విరటుడి గుర్రాలు కాచిన నకులుడే, గుర్రాలకు బదులు పెట్రోలు. మూడింటికీ దర్శకుడు బి. గోపాల్, మాటలు పరుచూరి సోదరులవి. వ్యాసుడు ముందు జూదం, తర్వాత అజ్ఞాతవాసం చెప్పాడు. మనవాళ్లు అజ్ఞాతవాసంతో మొదలుపెట్టి జూదాన్ని ఫ్లాష్‌బ్యాక్‌లోకి నెట్టారు. తిక్కనగారూ విరాటపర్వంతోనే ఎత్తుకున్నారు గనుక సంప్రదాయ విరోధం లేదు.

సుమో అంటే జపాను మల్లుడని కొందరి భ్రమ. టాటా మోటార్స్‌కు ఊపిరి పోసిన సుమంత్ మూల్గావ్కర్ పేరులోని మొదటి అక్షరాలవి. 1994లో బండి రోడ్డెక్కింది. పాపం, ఆ పెద్దమనిషి పేరు కర్నూలు పొలిమేరల్లో అన్ని పల్టీలు కొడుతుందని ఎవరనుకున్నారు!

పూర్వపక్షం: సీమలో ఫ్యాక్షన్ లేదా? బాంబులు పడలేదా?

సమాధానం: ఉంది, పడ్డాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి, కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి పొలాలు కరిగిపోయాయి. పద్యంలో ఆ వాయిదాలు లేవు. వాన కోసం ఆకాశం చూసే అనంతపురం వేరుశనగ రైతు అసలే లేడు; పొలం ఉన్నది ఛేజింగ్‌లో ఎర్రదుమ్ము లేపడానికి. ఫలితంగా కడప కుర్రాడు హైదరాబాదు హాస్టల్లో పెట్టె దించగానే ‘మీ ఇంట్లో బాంబులుంటాయా’ అని అడుగుతారు. అడిగేవాడు హాస్యమనే అనుకుంటాడు. 2018లో ‘అరవింద సమేత’ వచ్చి, నరికినవాడి ఇంట్లో మిగిలిన ఆడవాళ్ల వైపు నుంచి మాట్లాడింది. మంచిదే. కాకపోతే ఆ మాట మొదలయ్యేసరికి మొదటి నరుకుడు పూర్తయి, టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయి.

పాఠాంతరం: బండ్లంటే సుమోలని పూర్వులు, స్కార్పియోలని నవ్యులు. మొదటి పాదంలో ‘కత్తి పట్టువాడు’కు బదులు ‘మడక పట్టువాడు’ అని సీమలో ఒక ప్రతి ఉంది. గణాలు కుదిరాయి గాని యతి చెడింది. నిర్మాతలెవరూ దాన్ని పరిష్కరించే పనికి పూనుకోలేదు.